ప్రభుత్వ ఖర్చుతో లాయరు: అమెరికా ఇమిగ్రేషన్ కోర్టుల్లో తెగని వాదం

అమెరికాలో జైలు శిక్ష పడే నేరం మోపితే, నిందితుడు పేదవాడైతే, అతను ఏ దేశస్థుడైనా సరే, ప్రభుత్వమే లాయరును పెట్టాలి. 1963లో గిడియన్ తీర్పు వేసిన బాట అది. అదే మనిషి శిక్ష పూర్తిచేసి బయటికి వచ్చిన రోజున ఇమిగ్రేషన్ అధికారులు పట్టుకుని డిపోర్టేషన్ కేసు పెడితే, ఇల్లూ పిల్లలూ బతుకుతెరువూ అన్నీ పోయే ప్రమాదం ఉన్నా, లాయరును తానే వెతుక్కోవాలి, ఫీజు తానే కట్టుకోవాలి. స్తోమత లేకపోతే జడ్జి ముందు ఒంటరిగా నిలబడాలి. ఎదుటి పక్షాన మాత్రం హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ జీతమిచ్చే లాయరు ఉంటాడు.

ఇది న్యాయమేనా అన్న చర్చ నూరేళ్లు దాటింది. ఇటీవల అది బాగా చిక్కుపడింది. కారణం, మూడు వేరు వేరు ప్రశ్నలను కలిపి వాదించుకోవడమే. రాజ్యాంగం ఈ హక్కు ఇచ్చిందా అన్నది మొదటిది. ఇవ్వకపోయినా విధానంగా ఇవ్వడం మంచిదా అన్నది రెండోది. ఇస్తే ఎవరికి, ఎవరి డబ్బుతో అన్నది మూడోది. మొదటిదానికి కోర్టు లేదంటే, రెండోదానికి కూడా లేదన్నట్టే ఒక పక్షం మాట్లాడుతుంది. రెండోదానికి లెక్కలు అనుకూలంగా వస్తే మొదటిది గెలిచినట్టేనని ఇంకో పక్షం అనుకుంటుంది. 2025లో జరిగిన పరిణామాలు ఈ మూడింటినీ విడదీసి చూడక తప్పని స్థితి తెచ్చాయి.

‘సివిల్’ అన్న ముద్ర ఎలా పడింది

కథ 1892 నాటి గియరీ చట్టంతో మొదలవుతుంది. చైనా నుంచి వచ్చిన కూలీలందరూ నివాస ధ్రువపత్రం దగ్గర పెట్టుకోవాలనీ, లేనివాళ్లను దేశం నుంచి పంపేయవచ్చనీ ఆ చట్టం చెప్పింది. పత్రం ఎందుకు లేదో చెప్పుకోవాలంటే కనీసం ఒక తెల్లజాతి సాక్షిని తేవాలి. దాన్ని సవాలు చేసిన ఫాంగ్ యూ టింగ్ కేసులో 1893లో సుప్రీంకోర్టు, డిపోర్టేషన్ నేరానికి వేసే శిక్ష కాదని తేల్చింది. పరాయి దేశస్థుణ్ని ఉండనివ్వాలో వద్దో నిర్ణయించుకోవడం సార్వభౌమ రాజ్యం అధికారమనీ, దానికి క్రిమినల్ విచారణ రక్షణలు వర్తించవనీ మెజారిటీ అభిప్రాయం. స్థిరపడిన మనిషిని ఊరూ వాకిలీ వదిలించి పంపడం శిక్ష కాక మరేమిటని జస్టిస్ బ్రూయర్, జస్టిస్ ఫీల్డ్ విభేదించారు. ఈనాటికీ వాదనలన్నీ ఆ రెండు అభిప్రాయాల చుట్టూనే తిరుగుతున్నాయి.

ఆ తర్వాతి తీర్పులు ముద్రను చెరపలేదు కానీ దాని అంచులను అరగదీశాయి. 1922లో ఎన్‌జీ ఫుంగ్ హో కేసులో జస్టిస్ బ్రాండైస్, డిపోర్టేషన్ వల్ల ఆస్తీ ప్రాణమూ రెండూ పోవచ్చనీ, బతుకుకు అర్థమిచ్చేదంతా పోవచ్చనీ గుర్తించారు. పౌరుణ్నని చెప్పుకునే మనిషికి కోర్టు విచారణ తప్పదన్నారు. 1952 ఇమిగ్రేషన్ చట్టం 292వ సెక్షన్‌లో కాంగ్రెస్ ఒక మధ్యేమార్గం రాసింది: లాయరును పెట్టుకునే అవకాశం ఉంటుంది, కానీ ప్రభుత్వానికి ఖర్చు లేకుండా. ఈ నాలుగు మాటలూ డెబ్బై ఏళ్లకు పైగా చర్చకు కొలబద్దగా నిలిచాయి. నా అభిప్రాయంలో వాటిని చాలామంది అవసరానికి మించి చదువుతున్నారు. ఖర్చు పెట్టాల్సిన బాధ్యత ప్రభుత్వానికి లేదని ఆ సెక్షన్ చెబుతుంది. ప్రభుత్వం తనంతట తాను ఖర్చు పెట్టుకోకూడదని అందులో ఎక్కడా లేదు.

భారతీయులకు ఈ చరిత్రలో ఒక గట్టి ఉదాహరణ ఉంది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు ‘శ్వేతజాతీయులు’ కారనీ, కాబట్టి పౌరసత్వానికి అనర్హులనీ తీర్పిచ్చింది. ఆ వెంటనే అప్పటికే పౌరులైన భారతీయుల మీద పౌరసత్వం రద్దు కేసులు పడ్డాయి. పదుల మంది ఓడిపోయారు. గెలిచినవాడు సఖారాం గణేశ్ పండిట్. ఆయన కాలిఫోర్నియాలో ప్రాక్టీసు చేస్తున్న లాయరు, థింద్ తరఫున వాదించినదీ ఆయనే. 1926లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు ఆయన పౌరసత్వాన్ని నిలబెట్టింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు ఆ కేసును విననన్నది. మిగిలిన కేసులను ప్రభుత్వం వదిలేసుకుంది. చట్టం అందరికీ ఒకటే. పండిట్ దగ్గర ఉన్నదీ మిగతావాళ్ల దగ్గర లేనిదీ, ఒకసారి తేలిన విషయాన్ని మళ్లీ తోడకూడదన్న సూత్రాన్ని సమయానికి ఎత్తి చూపగల న్యాయ పరిజ్ఞానం.

గిడియన్ తర్వాత ఆశలు పెరిగాయి. 1967లో గాల్ట్ తీర్పు బాలనేరస్థుల కేసులకు, పేరుకు అవి సివిల్ అయినా, లాయరు హక్కు ఇచ్చింది. 1975లో అగిలేరా-ఎన్రికెజ్ కేసులో ఆరో సర్క్యూట్ కోర్టు, లాయరు లేకుండా న్యాయమైన విచారణ సాధ్యం కాని డిపోర్టేషన్ కేసుల్లో ప్రభుత్వం లాయరును ఇవ్వాల్సి రావచ్చని అన్నది. అయితే ఆ మనిషికి మాత్రం అవసరం లేదని అదే కోర్టు తేల్చింది. 1981లో లాసిటర్ తీర్పు తలుపు సగం మూసింది: దేహ స్వేచ్ఛ పోయే ప్రమాదం ఉన్నప్పుడే ఉచిత లాయరు హక్కు ఉన్నట్టు భావించాలన్నది. 1984లో లోపెజ్-మెండోజా తీర్పు డిపోర్టేషన్ కేవలం సివిల్ వ్యవహారమని మళ్లీ చెప్పింది. లాసిటర్ కొలతనే నిజాయితీగా వాడితే, నిర్బంధ కేంద్రంలో నెలల తరబడి ఉన్నవాడి దేహ స్వేచ్ఛ ఏమైనట్టన్న ప్రశ్నకు ఈ తీర్పుల్లో జవాబు దొరకదు.

2010 నాటి పడీల్లా తీర్పు ఒక వింత స్థితిని బయటపెట్టింది. నలభై ఏళ్లుగా అమెరికాలో చట్టబద్ధంగా ఉంటూ, వియత్నాం యుద్ధంలో పనిచేసిన ఒక హోండురాస్ దేశస్థుడికి, నేరం ఒప్పుకుంటే డిపోర్టేషన్ వస్తుందని అతని లాయరు చెప్పలేదు. అలా చెప్పకపోవడం లాయరు వైఫల్యమేనని సుప్రీంకోర్టు అన్నది. అంటే క్రిమినల్ కోర్టులో ప్రభుత్వం ఇచ్చే లాయరు డిపోర్టేషన్ గురించి హెచ్చరించి తీరాలి. ఆ డిపోర్టేషన్ కేసే మొదలైనప్పుడు మాత్రం ఆ లాయరు ఉండడు.

కోర్టు హాల్లో జరిగేది

వాదన అర్థం కావాలంటే ఇమిగ్రేషన్ కోర్టు పనితీరు తెలియాలి. ఇది న్యాయవ్యవస్థలో భాగం కాదు. న్యాయశాఖ కింద 1983లో ఏర్పడిన ఒక కార్యాలయం దీన్ని నడుపుతుంది. జడ్జీలు అటార్నీ జనరల్ కింద పనిచేసే ఉద్యోగులు. 2025లో వంద మందికి పైగా జడ్జీలు తొలగింపులతో, రాజీనామాలతో బయటికి వెళ్లారు. పెండింగ్ కేసులు 30 లక్షలు ఎప్పుడో దాటాయి.

కేసు నోటీసుతో మొదలవుతుంది. దేశంలో ఉండటానికి ఏ మార్గం ఉందో, ఆశ్రయమా, కుటుంబ బంధమా, నేరబాధితుల వీసానా, చిత్రహింస భయమా, అది కనిపెట్టాల్సింది ప్రతివాదే. ఆశ్రయం కోరితే దేశంలోకి వచ్చిన ఏడాదిలోగా దరఖాస్తు పెట్టాలి. విచారణలో దుబాసీని కోర్టు ఇస్తుంది. కానీ దరఖాస్తు ఇంగ్లీషులో నింపాలి. సాక్ష్యంగా పెట్టే ప్రతి కాగితానికీ, అది తెలుగులో ఉన్నా పంజాబీలో ఉన్నా, ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. నిర్బంధ కేంద్రంలో ఉన్నవాడు ఈ పనులన్నీ ఫోన్ నిమిషాలకు డబ్బు కట్టుకుంటూ చేయాలి. మరణశిక్షంత బరువున్న కేసులను ట్రాఫిక్ కోర్టు సరంజామాతో విచారిస్తున్నామని ఇమిగ్రేషన్ జడ్జి డేనా మార్క్స్ ఎన్నోసార్లు చెప్పారు. లోపలి మనిషి అన్న మాట కాబట్టి దానికి విలువ ఎక్కువ.

దీనికి బయట, కోర్టు మెట్లు ఎక్కకుండానే పంపేసే పద్ధతి ఒకటుంది. 1996 చట్టం తెచ్చిన సత్వర తొలగింపులో జడ్జి ముందు పూర్తి విచారణ ఉండదు. ఒక శ్రీలంక తమిళుడి కేసులో, 2020 నాటి తురైసింగం తీర్పు, సరిహద్దు దాటగానే పట్టుబడ్డవాళ్లకు ఫెడరల్ కోర్టు సమీక్షను బాగా కుదించింది. అక్కడ లాయరు చర్చకు చోటే లేదు. హక్కు కోసం పోరాడేవాళ్లు కోర్టు గదిపైనే దృష్టి పెట్టి, గదికి రానివాళ్లను మరిచిపోతున్నారన్న విమర్శ సబబే.

లెక్కలు చెప్పేవీ చెప్పలేనివీ

ఇంగ్రిడ్ ఈగ్లీ, స్టీవెన్ షేఫర్ 2015లో ప్రచురించిన అధ్యయనం ఈ చర్చకు పునాది. 2007 నుంచి 2012 దాకా 12 లక్షలకు పైగా కేసులు పరిశీలిస్తే, లాయరు ఉన్నది 37 శాతం మందికే. నిర్బంధంలో ఉన్నవాళ్లలో 14 శాతం మందికే. లాయరు ఉన్నవాళ్లు ఉపశమనం కోరడమూ, పొందడమూ ఎన్నో రెట్లు ఎక్కువ. ఇదే ఇద్దరు తర్వాత చేసిన మరో పరిశీలనలో, నిర్బంధంలో లేకుండా లాయరున్నవాళ్లలో 96 శాతం మంది ప్రతి వాయిదాకూ హాజరయ్యారని తేలింది.

న్యూయార్క్‌లో రెండో సర్క్యూట్ న్యాయమూర్తి రాబర్ట్ కాట్జ్‌మన్ ఏర్పాటు చేసిన అధ్యయన బృందం 2011లో ఇచ్చిన అంకెలు ఇంకా ముఖ్యమని నాకనిపిస్తుంది. లాయరుండి, బయట స్వేచ్ఛగా ఉన్నవాళ్లలో 74 శాతం మందికి కేసు అనుకూలంగా ముగిసింది. లాయరుండీ నిర్బంధంలో ఉన్నవాళ్లకు 18 శాతం. లాయరు లేకపోయినా బయట ఉన్నవాళ్లకు 13 శాతం. లాయరూ లేక, నిర్బంధంలోనూ ఉన్నవాళ్లకు 3 శాతం. ఈ నాలుగు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుంటే, లాయరు ఎంత ముఖ్యమో నిర్బంధం కూడా అంతే ముఖ్యమని కనిపిస్తుంది. లాయరును ఇచ్చి మనిషిని మారుమూల కేంద్రంలో బంధిస్తే ఫలితంలో అధిక భాగం పోతుంది.

ఈ అంకెలను ప్రశ్నించేవాళ్ల వాదనలోనూ పస ఉంది. లాయర్లు గెలిచే కేసులను ఏరి తీసుకుంటారు. బలమైన కేసున్నవాళ్లు అప్పు చేసైనా లాయరును పెట్టుకుంటారు. కాబట్టి తేడా అంతా లాయరు పుణ్యమే అనడం కుదరదు. దీనికి మంచి జవాబు, కేసు బలం చూడకుండా అందరికీ లాయరును ఇచ్చిన చోట ఏమైందో చూడటం. ఆ పరీక్ష న్యూయార్క్‌లో జరిగింది.

న్యూయార్క్ ప్రయోగం

2013లో న్యూయార్క్ నగర కౌన్సిల్ 5 లక్షల డాలర్లు కేటాయించింది. వేరిక్ స్ట్రీట్ ఇమిగ్రేషన్ కోర్టులో, నిర్బంధంలో ఉండి లాయరు లేని పేదలకు, కేసు గెలుస్తుందా ఓడుతుందా అని చూడకుండా లాయరును ఇచ్చే ప్రయోగం అది. క్రిమినల్ కోర్టుల్లో పేదల తరఫున వాదించే బ్రాంక్స్ డిఫెండర్స్, బ్రూక్లిన్ డిఫెండర్ సర్వీసెస్ దాన్ని నడిపాయి. మరుసటి ఏడు నిధులు పదింతలకు దగ్గరగా పెరిగి ఆ కోర్టులోని అర్హులందరికీ విస్తరించింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం చేయి కలపడంతో రాష్ట్రంలోని నిర్బంధితులందరికీ అందింది.

వేరా ఇన్‌స్టిట్యూట్ 2017లో మదింపు చేసి, ప్రయోగానికి ముందు లాయరు లేనివాళ్లలో 4 శాతం మంది గెలిస్తే, ఇందులో 48 శాతం గెలుస్తారని అంచనా కట్టింది. అది అంచనా అన్న సంగతి ప్రచారంలో చాలాసార్లు జారిపోయింది. అప్పటికి చాలా కేసులు తేలలేదు. అయినా ఏరివేత లేకుండా ఇచ్చిన లాయరు కూడా ఫలితాన్ని బలంగా మార్చగలడని ఈ ప్రయోగం చూపింది. న్యూజెర్సీ, కొలరాడో, ఒరెగాన్‌లాంటి రాష్ట్రాలూ, ఎన్నో నగరాలూ తమ తమ తీరులో ఈ దారి పట్టాయి.

అసలు గొడవ 2017లోనే వచ్చింది. తీవ్రమైన నేరాల జాబితా ఒకటి వేసి, వాటిలో శిక్ష పడినవాళ్లకు నగరం డబ్బు ఇవ్వకూడదని మేయర్ బిల్ డి బ్లాసియో పట్టుబట్టారు. కౌన్సిల్ ఒప్పుకోలేదు. చివరికి ఒక అజ్ఞాత దాత సొమ్ముతో ఆ ఖాళీ పూడ్చారు. పన్ను కట్టేవాడి డబ్బుతో నేరస్థుణ్ని కాపాడాలా అన్నది ఓటరు ముందు నిలబడే నాయకుడికి కష్టమైన ప్రశ్నే. కానీ లాయరు లేకుండా ఎవరి కేసు ఎలాంటిదో తేలదు. పాత నేరం నిజంగా డిపోర్టేషన్‌కు దారితీసేదేనా అన్నదే ఈ కోర్టుల్లో అత్యంత సంక్లిష్టమైన న్యాయ ప్రశ్న. జవాబును ముందే అనుకుని, ప్రశ్న అడిగేవాణ్ని తీసేయడం సరికాదు.

ప్రధాన ధోరణులు

మొదటి ధోరణి ‘అందరికీ లాయరు’ అంటుంది. దీని బలం సూటిదనంలో ఉంది: ప్రభుత్వం లాయరుతో వచ్చినప్పుడు ఎదుటి మనిషికీ లాయరుండాలి. దీని కష్టం అంకెల్లో ఉంది. న్యూయార్క్ నగర బార్ అసోసియేషన్ కోసం 2014లో తయారైన ఒక ఆర్థిక నివేదిక దేశమంతటా ఈ ఏర్పాటుకు ఏటా 20.8 కోట్ల డాలర్లు అవుతుందనీ, నిర్బంధ ఖర్చు తగ్గడం వల్ల చాలావరకు తిరిగి వస్తుందనీ అంచనా వేసింది. అప్పటి కేసుల సంఖ్య ఇప్పటి సంఖ్యకు ఏ మూలకూ రాదు. అయితే ఖర్చు మాట వచ్చినప్పుడు ఇంకో అంకె పక్కన పెట్టాలి. 2025 జూలైలో కాంగ్రెస్ ఆమోదించిన చట్టం నిర్బంధ కేంద్రాలకే 4,500 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ ఏడాది చివరికి నిర్బంధంలో ఉన్నవాళ్లు 60 వేలు దాటారు.

రెండో ధోరణి దీనికి పూర్తిగా ఎదురు. వలసల నియంత్రణ కోరే సంస్థలూ, కాంగ్రెస్‌లో చాలామంది రిపబ్లికన్లూ ఈ వైపు ఉన్నారు. లాయరును పెట్టుకోవద్దని ఎవరూ అనలేదు, ఖర్చు మాత్రం మామీద వేయకండి అంటారు. ఇల్లు ఖాళీ చేయించే కేసులో పౌరుడికే ఉచిత లాయరు లేనప్పుడు పరాయి దేశస్థుడికి ఎందుకని అడుగుతారు. లాయర్లు వాయిదాలు పెంచి కోర్టులను ఇంకా నింపుతారనీ అంటారు. వీటిలో రెండోది మామూలు మనిషిని బాగా పట్టే వాదన. కానీ దానికి జవాబు అమెరికాలోనే ఉంది. అద్దెదారులకు ఇల్లు ఖాళీ చేయించే కేసుల్లో న్యూయార్క్ నగరం 2017లో లాయరు హక్కు ఇచ్చింది. పౌరుడికి లేనిదాన్ని కారణంగా చూపే బదులు అతనికీ ఇవ్వవచ్చు. వాయిదాల సంగతి తీసుకుంటే, గెలిచే దారి లేదని లాయరు చెప్పిన మనిషి తొందరగానే వెళ్లిపోతాడనీ, దారున్నవాడి కేసు సాగుతుందనీ రెండు రకాల అనుభవాలూ ఉన్నాయి. తూకం ఎటు మొగ్గుతుందో ఇంకా తేలలేదు.

మూడోది మధ్యస్థ ధోరణి: పిల్లలకు, మానసిక రుగ్మత ఉన్నవాళ్లకు, నిర్బంధితులకు లాయరు, మిగిలినవాళ్లకు సమాచారం. 2003లో మొదలైన న్యాయ అవగాహన కార్యక్రమం ఈ ఆలోచనకు రూపం. స్వచ్ఛంద సంస్థల వాళ్లు నిర్బంధ కేంద్రాలకు వెళ్లి, మీ హక్కులివీ, దరఖాస్తు ఇలా పెట్టాలి అని చెప్పేవారు. న్యాయశాఖ గుర్తింపు పొందిన, లాయర్లు కాని ప్రతినిధులకూ ఇక్కడ చోటుంది. అమెరికాలో ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం సభ్యులే 18 వేల మంది దాకా ఉన్నప్పుడు, 30 లక్షలకు పైగా ఉన్న కేసులకు వేరే దారి లేదన్నది వీళ్ల వాదన. సమాచారం లాయరుకు బదులు కాదన్నది నిజమే. అయితే ఏమీ లేనిచోట అదే దీపం.

నాలుగో ధోరణి వామపక్షం నుంచి వస్తుంది. చట్టమే కఠినమైనప్పుడు లాయరు ఏం చేస్తాడు? చాలామందికి ఏ ఉపశమనమూ అందుబాటులో లేదు. అలాంటిచోట లాయరును పెట్టడం డిపోర్టేషన్ యంత్రానికి న్యాయం ముసుగు తొడగడమే, ఆ శక్తిని చట్టం మార్చడం మీద పెట్టాలి అంటారు. ఈ మాటలో నిజం ఉన్నా, ఈ రోజు నిర్బంధంలో ఉన్న మనిషికి అది చెప్పలేం.

వీటన్నిటి అడుగున నాణ్యత ప్రశ్న ఉంది. కాట్జ్‌మన్ బృందం అధ్యయనంలో న్యూయార్క్ జడ్జీలు తమ ముందు వాదించిన లాయర్లలో దాదాపు సగం మంది పని సరిపోదన్నారు. డబ్బు తీసుకుని దరఖాస్తును పాడుచేసే లాయర్లూ, లాయర్లమని మోసం చేసే దళారులూ వేరే సమస్య. లాయరు తప్పు చేస్తే కేసు తిరగతోడించుకునే మార్గాన్ని 1988లో లొజాడా నిర్ణయం ఇచ్చింది. 2009 జనవరిలో అటార్నీ జనరల్ ముకేసీ అలాంటి రాజ్యాంగ హక్కేమీ లేదన్నారు. అదే ఏడు జూన్‌లో తర్వాతి అటార్నీ జనరల్ హోల్డర్ ఆ మాటను రద్దు చేశారు.

పిల్లలు, మానసిక రుగ్మత ఉన్నవాళ్లు: 2025 పరీక్ష

ఈ రెండు వర్గాల విషయంలో విభేదం తక్కువ కాబట్టి, హక్కు ఏ పునాది మీద నిలబడుతుందన్నది ఇక్కడే బాగా కనిపిస్తుంది.

ఫ్రాంకో కేసులో వాది మెక్సికో దేశస్థుడు, మేధో వైకల్యం ఉన్నవాడు. అతని మానసిక స్థితి చూసి కేసు ఆపేసిన జడ్జి తర్వాత మరిచిపోయినట్టుగా, అతను దాదాపు 5 ఏళ్లు నిర్బంధంలోనే ఉండిపోయాడు. 2013లో కాలిఫోర్నియా ఫెడరల్ న్యాయమూర్తి డాలీ గీ, కాలిఫోర్నియా, ఆరిజోనా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో అలాంటి నిర్బంధితులకు ప్రభుత్వమే ప్రతినిధిని ఇవ్వాలని ఆదేశించారు. ఆధారం వైకల్య హక్కుల చట్టం. ప్రభుత్వం దాన్ని విధానంగా దేశమంతటికీ విస్తరించింది.

పిల్లల సంగతి వేరు. 2008 నాటి అక్రమ రవాణా నిరోధక చట్టం, తోడు లేకుండా వచ్చిన పిల్లలకు సాధ్యమైనంత మేరకు లాయరు అందేలా చూడాలని చెప్పింది. 2015లో సీనియర్ ఇమిగ్రేషన్ జడ్జి జాక్ వైల్ ఒక వాంగ్మూలంలో, ఓపిక ఉంటే మూడు నాలుగేళ్ల పిల్లలకు కూడా ఇమిగ్రేషన్ చట్టం నేర్పవచ్చన్నారు. తన మాటను సందర్భం నుంచి విడదీశారని తర్వాత చెప్పారు. ఏ సందర్భంలోనైనా, ప్రభుత్వం తరఫున కోర్టులో ఆ వాదన నడిచిందన్నది వాస్తవం.

2025లో ఏం జరిగిందో చూడండి. న్యాయ అవగాహన కార్యక్రమం ఆగిపోయింది, దానికి బడ్జెట్ పద్దు తప్ప చట్టంలో హక్కు లేదు. దాదాపు 26 వేల మంది పిల్లలకు లాయర్లను ఇచ్చే కాంట్రాక్టును మార్చిలో రద్దు చేశారు. 2008 చట్టం ఉంది కాబట్టి ఏప్రిల్‌లో ఫెడరల్ న్యాయమూర్తి అరసెలి మార్టినెజ్-ఓల్గిన్ నిధులు పునరుద్ధరించమన్నారు. మానసిక రుగ్మత ఉన్నవాళ్ల కార్యక్రమాన్ని దేశంలో మిగతాచోట్ల ఆపేసినా, ఫ్రాంకో ఆదేశం వర్తించే మూడు రాష్ట్రాల్లో ఆపలేకపోయారు. మూడు పునాదులు, మూడు ఫలితాలు: పద్దు మీద నిలిచింది పోయింది, చట్టం మీద నిలిచింది కోర్టులో పోరాడగలిగింది, కోర్టు ఆదేశం మీద నిలిచింది మిగిలింది. ఎవరు అర్హులు అన్న చర్చకు వెచ్చించిన శ్రమలో సగమైనా, అర్హతను దేనిమీద నిలబెట్టాలన్న దానికి వెచ్చించాల్సింది. నగరాల, రాష్ట్రాల కార్యక్రమాలు కూడా చాలావరకు ఏటేటా బడ్జెట్ మీదే నడుస్తున్నాయని గుర్తుంచుకోవాలి.

బయటి దేశాలు, మన దేశం

బ్రిటన్‌లో ఒకప్పుడు ఇమిగ్రేషన్ కేసులకు విస్తృతంగా లీగల్ ఎయిడ్ ఉండేది. 2013 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ఆశ్రయం కేసులను ఉంచి చాలావాటిని తీసేసింది. ఒంటరి పిల్లలను 2019లో మళ్లీ చేర్చారు. లాయర్ల ఫీజు దశాబ్దాలపాటు పెరగక, హక్కున్న చోట కూడా లాయరు దొరకని ప్రాంతాలు ఏర్పడ్డాయి. స్విట్జర్లాండ్ 2019 మార్చి నుంచి ఆశ్రయం కోరినవాళ్లకు మొదటి రోజు నుంచే ఉచిత న్యాయ సహాయం ఇస్తోంది. దానికి బదులుగా గడువులు బాగా కుదించింది.

మన దగ్గర పుస్తకంలో హక్కు ఉదారమైనది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ పౌరుణ్నీ పరాయివాణ్నీ విడదీయదు. కస్టడీలో ఉన్న ఎవరైనా అర్హులే. కానీ అస్సాంలోని ఫారినర్స్ ట్రిబ్యునళ్లలో, తాను విదేశీయుణ్ని కాదని రుజువు చేసుకునే భారం మనిషి మీదే ఉంది. 1985 నుంచి 2019 ఫిబ్రవరి దాకా 63,959 మందిని వాళ్లు హాజరుకాకుండానే విదేశీయులుగా ప్రకటించారని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. నోటీసు చదివి చెప్పే మనిషి ఉంటే వీళ్లలో ఎందరు ట్రిబ్యునల్‌కు వచ్చేవారో ఊహించడం కష్టం కాదు. 2024లో రహీం అలీ కేసులో సుప్రీంకోర్టు, ఆధారం ఏమిటో చెప్పకుండా అనుమానంతోనే ఎవరినీ విదేశీయుడివి కాదని నిరూపించుకోమనలేరని అన్నది.

తెలుగువాళ్లకు తగిలిన చోట

ఈ చర్చ తెలుగు ఇళ్లకు దూరం కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద ఇమిగ్రేషన్ అధికారుల దాడి జరిగినప్పుడు చిక్కుకున్న విద్యార్థుల్లో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ వాళ్లే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు వేశారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ, అధికారులే నడిపిన ఉత్తుత్తి సంస్థ అని బయటపడింది. మొదటి విడతలో అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. భారత రాయబార కార్యాలయం హాట్‌లైన్ తెరిచింది. అమెరికాలోని తెలుగు సంఘాలు లాయర్లను కుదిర్చాయి. ఆ సహాయం విలువైనదే. కానీ అది సంఘాల పలుకుబడి, విరాళాల మీద ఆధారపడింది. సంఘంతో పరిచయం లేని పెట్రోలు బంకు ఉద్యోగికి, దారి తప్పిన విద్యార్థికి అది అందుతుందన్న హామీ లేదు. లాయరు దొరికితే ఏమవుతుందో కూడా ఆ కేసే చూపింది. కట్టిన ఫీజు తిరిగి ఇమ్మని వేసిన దావాను 2024లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ముందుకు సాగనిచ్చింది.

2025 ఏప్రిల్‌లో వేలాది విదేశీ విద్యార్థుల ఇమిగ్రేషన్ హోదా రికార్డులను ఉన్నట్టుండి రద్దు చేసినప్పుడు, ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం సేకరించిన 327 ఉదంతాల్లో సగం భారతీయులవే. దేశం నలుమూలలా లాయర్లు ఫెడరల్ కోర్టులకు వెళ్లి స్టే ఉత్తర్వులు తెచ్చారు. నెల తిరక్కముందే ప్రభుత్వం రికార్డులను పునరుద్ధరించింది. కోర్టుకు వెళ్లే స్తోమత లేనివాళ్లు కొందరు అప్పటికే పెట్టె సర్దుకుని వచ్చేశారు.

తేలనివి

దూరప్రాంత నిర్బంధం మొదటిది. న్యూయార్క్‌లోనో వర్జీనియాలోనో పట్టుకుని లూయిజియానా, టెక్సస్ కేంద్రాలకు తరలిస్తే, ఆ నగరం ఇచ్చిన లాయరు హక్కు ఏమవుతుంది? జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో పనిచేసే భారతీయుడు బదర్ ఖాన్ సూరిని 2025 మార్చిలో వర్జీనియా నుంచి ఇలాగే తరలించారు. లాయర్లు వెంటనే వర్జీనియా కోర్టులో హేబియస్ పిటిషన్ వేయడం వల్ల కేసు అక్కడే నిలిచి, మే నెలలో ఆయన విడుదలయ్యారు. కొన్ని గంటల్లో లాయరు కదలకపోతే విచారించే కోర్టే మారిపోతుంది.

బాండ్ రెండోది. 2025 సెప్టెంబరులో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు, తనిఖీ లేకుండా దేశంలోకి వచ్చినవాళ్లకు బాండ్ ఇచ్చే అధికారం ఇమిగ్రేషన్ జడ్జీలకు లేదన్నది. దాంతో ఫెడరల్ కోర్టుల్లో హేబియస్ పిటిషన్లు వెల్లువెత్తాయి. కాట్జ్‌మన్ బృందం చూపిన నాలుగు అంకెల ప్రకారం చూస్తే, బయట ఉండి పోరాడే అవకాశం మూసుకుపోతున్న కొద్దీ, ఉన్న లాయరు విలువ కూడా తగ్గిపోతుంది.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, పిల్లలకు రాజ్యాంగం లాయరు హక్కు ఇచ్చిందా అన్నది. 2016లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు, ఈ వాదనను జిల్లా కోర్టులో సామూహిక దావాగా వేయడం కుదరదనీ, ప్రతి పిల్లవాడూ తన డిపోర్టేషన్ కేసు ముగిశాక అప్పీలులో లేవనెత్తాలనీ చెప్పింది. 2018లో అలా వచ్చిన ఒక బాలుడి కేసులో ముగ్గురు న్యాయమూర్తులు హక్కు లేదన్నారు. 2019లో విస్తృత ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టి, వేరే కారణంతో బాలుడికి ఊరటనిచ్చి, లాయరు ప్రశ్నను తాకలేదు. అప్పీలు దాకా వెళ్లాలంటే లాయరుండాలి. లాయరు దొరికిన పిల్లవాడు, నాకు లాయరు లేడు అని వాదించలేడు. లాయరు లేని పిల్లవాడు తన వాయిదా నాడే ఉత్తర్వు అందుకుని, ఆ ప్రశ్నను అడగకుండానే వెళ్లిపోతున్నాడు.